పొలం నుంచి ఫ్యాక్టరీకి: వివిధ దేశాల పారిశ్రామిక పరివర్తన

ఒక దేశంలో అత్యధికులు సేద్యం మీద బతికే స్థితి పోయి, ఫ్యాక్టరీలు, గనులు, రవాణా, వ్యాపారం మీద బతికే స్థితి రావడాన్ని పారిశ్రామిక పరివర్తన అంటారు. 18వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండులో మొదలైన ఈ మార్పు 19వ శతాబ్దంలో పశ్చిమ యూరప్, అమెరికా, జపాన్‌లకు, 20వ శతాబ్దంలో రష్యాకు, తూర్పు ఆసియాకు విస్తరించింది. కొన్ని దేశాల్లో మొదలై ఆగిపోయింది. కొన్ని చోట్ల ఇంకా నడుస్తోంది.

ఈ చరిత్రను స్పిన్నింగ్ జెన్నీ, ఆవిరి యంత్రం, రైలు అంటూ యంత్రాల పేర్లతో చెప్పడం పాఠ్యపుస్తకాల అలవాటు. యంత్రాన్ని ఏ దేశమైనా కొనుక్కోవచ్చు, చూసి చేసుకోవచ్చు, దొంగిలించవచ్చు; 19వ శతాబ్దంలో ఈ మూడూ జరిగాయి. కష్టమంతా మరోచోట ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాడు పంట పండించడు, కానీ రోజూ తినాలి. అతడు ఏదో ఒక ఊరు వదిలి రావాలి. యంత్రానికి పెట్టే డబ్బు ఎవరి చేతిలోనో మిగలాలి. నూటికి డెబ్బై ఎనభై మంది రైతులే ఉన్న దేశంలో తిండీ, మనిషీ, డబ్బూ పల్లెలోనే ఉంటాయి. వాటిని ఎవరు ఏ పద్ధతిలో రాబట్టారు, బదులుగా రైతుకు ఏమిచ్చారు అన్నదాన్నిబట్టే దేశాల దారులు వేరయ్యాయి.

ఇంగ్లండు: కంచెలు, బొగ్గు, బట్ట

ఇంగ్లండు పల్లెల్లో చాలాచోట్ల పొలాలు పట్టీలు పట్టీలుగా చెదిరి ఉండేవి. ఊరి చుట్టూ ఉమ్మడి బీడు ఉండేది. సెంటు భూమి లేనివాడు కూడా అక్కడ ఒక ఆవునో నాలుగు బాతులనో మేపుకుని, పుల్లలు ఏరుకుని కాలం గడిపేవాడు. పెద్ద భూస్వాములు పార్లమెంటులో చట్టాలు చేయించుకుని ఈ నేలలను ఒక్కచోటికి చేర్చి కంచెలు వేశారు. 1604 నుంచి 1914 దాకా ఇలాంటి చట్టాలు 5,200కు పైగా వచ్చాయి. వాటి కింద కంచె పడిన నేల దాదాపు 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండు విస్తీర్ణంలో ఐదో వంతు. సర్వే ఖర్చు, కంచె ఖర్చు ఎవరి వాటాకు వాళ్లే పెట్టుకోవాలి. ఆ ఖర్చుకు తట్టుకోలేని చిన్న ఆసామీ తన ముక్కను పక్కనున్న పెద్ద కమతందారుకే అమ్ముకునేవాడు. కాగితం మీద మాత్రం ఎవరికీ అన్యాయం జరగలేదు.

కంచె లోపల సేద్యం మారింది. నార్ఫోక్ ప్రాంతంలో గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్ గడ్డి వంతులవారీగా వేసే పద్ధతి స్థిరపడింది. దాంతో నేలను ఏడాదిపాటు ఖాళీగా వదలాల్సిన పని తప్పింది. పశువులకు చలికాలం మేత దొరికింది, పొలానికి ఎరువు పెరిగింది. 1851 నాటికి బ్రిటన్‌లో పనిచేసేవారిలో సేద్యం మీద ఉన్నవాళ్లు ఐదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ ఏటి జనాభా లెక్కల్లోనే పట్టణవాసులు పల్లెవాసులను దాటారు. కంచెలు వేసి తరిమితే జనం నేరుగా మాంచెస్టర్ మిల్లులకు పరుగెత్తారన్న మాటలో మాత్రం కొంత అతిశయోక్తి ఉంది. కంచెలు నాటడానికీ, కాల్వలు తీయడానికీ, కొత్త పంటలకూ ఊళ్లోనే కూలి పని దొరికింది. జనాభా పెరిగి ఊళ్లో ఇమడలేకపోయిన తర్వాతి తరమే ఎక్కువగా పట్టణం దారి పట్టింది.

ఇంగ్లండుకు కలిసొచ్చింది బొగ్గు. 1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గుకు బదులు కోక్‌తో ఇనుము కరిగించాడు. 1712లో న్యూకోమెన్ యంత్రం గనుల్లో నీళ్లు తోడింది. 1769లో జేమ్స్ వాట్ పేటెంటు తీసుకున్న మార్పుతో ఆవిరి యంత్రానికి బొగ్గు ఖర్చు బాగా తగ్గింది. అక్కడ కూలి ఖరీదు, బొగ్గు చవక. కాబట్టి మనిషిని తగ్గించి బొగ్గును వాడే యంత్రం అక్కడే గిట్టుబాటైంది అంటాడు ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్. మిగతా దేశాలు ఎందుకు ఆలస్యమయ్యాయన్న ప్రశ్నకు జాతి తెలివితేటల్ని కారణంగా చూపే పాత రాతలకన్నా ఈ వాదన నమ్మదగ్గది.

బట్టల పరిశ్రమ కథలో తెలుగు తీరానికి చోటుంది. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు లండన్‌లో ఎంతగా చెల్లుబాటయ్యాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు వీధికెక్కి గొడవ చేశారు. 1700లో అద్దకం బట్టల దిగుమతిని, 1721లో వాటి వాడకాన్నే పార్లమెంటు నిషేధించింది. ఆ గోడ చాటునే ఇంగ్లండు నూలు పరిశ్రమ పుట్టి పెరిగింది. 1771లో క్రామ్‌ఫర్డ్‌లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి చక్రంతో నడిచే మిల్లు పెట్టాడు. రెండు షిఫ్టుల్లో రాత్రింబవళ్లు నడిచిన ఆ మిల్లులో పనివాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలే. స్వేచ్ఛా వాణిజ్యాన్ని లోకానికి బోధించిన దేశం తన మిల్లులు బలపడ్డాకే ఆ బోధ మొదలుపెట్టింది.

తొమ్మిదేళ్ల లోపు పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టకూడదన్న చట్టం 1833లో వచ్చింది. దాన్ని అమలు చేయడానికి దేశం మొత్తానికి నలుగురు ఇన్‌స్పెక్టర్లను వేశారు. 1846లో ధాన్యం దిగుమతులపై ఆంక్షలు తొలగించడంతో భూస్వాముల మీద మిల్లు యజమానులది పైచేయి అయింది. అప్పటి నుంచి బ్రిటిష్ కార్మికుడి రొట్టెకు గోధుమ అంతకంతకూ బయటి దేశాల పొలాల నుంచి వచ్చింది.

యూరప్ ఖండంలో

బ్రిటన్ తన యంత్రాల ఎగుమతిని 1840ల దాకా నిషేధించింది. నిషేధం మనుషుల్ని ఆపలేకపోయింది. విలియం కాకరిల్ అనే మెకానిక్ 1799లో బెల్జియం చేరి వెర్వియేలో ఉన్ని వడికే యంత్రాలు కట్టాడు. అతడి కొడుకు 1817లో సెరాంగ్‌లో పెద్ద ఇనుప కర్మాగారం పెట్టాడు. బొగ్గు, ఇనుము పక్కపక్కనే ఉన్న బెల్జియం ఖండంలో మొదటి పారిశ్రామిక దేశమైంది. ఫ్రాన్స్‌లో విప్లవం చిన్న రైతుకు భూమి మీద హక్కును స్థిరపరిచింది. అతడు దాన్ని వదలలేదు, పట్టణానికి తొందరపడి రాలేదు. ఫ్రాన్స్ వెనకబడిందని చాలాకాలం రాశారు గానీ, నెమ్మదిగా మారిన ఆ దేశంలో పల్లె తక్కువ నలిగింది.

జర్మన్ ప్రాంతాల్లో అతి పెద్దదైన ప్రష్యా 1807లో రైతుల వెట్టి బంధాన్ని రద్దు చేసింది. 1811 ఉత్తర్వు ప్రకారం రైతు తన పొలానికి సొంతదారు కావాలంటే అందులో మూడో వంతో సగమో దొరకు వదులుకోవాలి. ఆ విధంగా తూర్పున యూంకర్లనే పెద్ద భూస్వాముల ఎస్టేట్లు ఇంకా పెరిగాయి. చేతిలో మిగిలిన ముక్క చాలనివాళ్లు కూలీలయ్యారు, తర్వాత బెర్లిన్‌కూ రూర్ గనులకూ తరలిపోయారు. 1834లో సుంకాల కూటమి ఏర్పడి చిన్నచిన్న రాజ్యాల మధ్య పన్ను గేట్లు ఎత్తేశారు. మరుసటి ఏడాది న్యూరెంబర్గ్, ఫ్యూర్త్ మధ్య తొలి రైలు నడిచింది. బాల్య దశలో ఉన్న పరిశ్రమకు సుంకాల రక్షణ కావాలని 1841లో ఫ్రెడరిక్ లిస్ట్ రాసిన పుస్తకాన్ని ఆ తర్వాత జపాన్ దాకా చదివారు. ఆలస్యంగా బయలుదేరిన దేశంలో చిన్న వ్యాపారి పొదుపు సరిపోదు, పెద్ద బ్యాంకులో ప్రభుత్వమో పెట్టుబడి సమకూర్చాలి అన్న అలెగ్జాండర్ గెర్షెన్‌క్రాన్ సిద్ధాంతానికి జర్మనీయే మొదటి ఉదాహరణ.

జర్మనీ బలం రసాయనాల్లో బయటపడింది. 1897లో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును బజారులో పెట్టింది. నీలిమందు తోటలకు పేరుపడ్డ బెంగాల్, బీహార్‌లే కాకుండా కడప, నెల్లూరు ప్రాంతాల రైతులు కూడా ఆ పంట చేసేవారు. కొన్నేళ్లలోనే దాని ధర పడిపోయింది. ఒక దేశపు ప్రయోగశాల మరో దేశపు పంటను ఊడ్చేయడం అది మొదటిసారి కాకపోయినా, అంత వేగంగా జరగడం అరుదు.

డెన్మార్క్ ఈ వరుసకు లొంగదు. 1870ల్లో అమెరికా గోధుమ చవగ్గా దిగి యూరప్ రైతు కుదేలైనప్పుడు, చాలా దేశాలు సుంకాలు పెంచితే డేన్ రైతులు ఆ చవక ధాన్యాన్నే కొని పశువులకు వేశారు. 1882లో హ్యెడ్డింగ్ ఊరి రైతులు సహకార వెన్న కేంద్రం పెట్టుకున్నారు. ఒక్కొక్కరికీ ఎన్ని ఆవులున్నా ఒక్కటే ఓటు. సేద్యాన్ని వదలకుండా సేద్యాన్నే పరిశ్రమగా మార్చుకున్న దేశం అది.

అమెరికా

అమెరికాలో భూమి ఎక్కువ, మనిషి తక్కువ. యంత్రజ్ఞానం ఇంగ్లండు నుంచి శామ్యూల్ స్లేటర్ తలకెక్కించుకుని తెచ్చాడు. రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో అతడి మిల్లు 1793లో లేచింది. అదే ఏడు ఎలీ విట్నీ పత్తి గింజ తీసే యంత్రం చేశాడు. పత్తి లాభసాటి కావడంతో బానిసత్వం వేళ్లూనింది. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి 40 లక్షలకు చేరారు. ఉత్తరాది మిల్లులకూ లాంకషైర్ మిల్లులకూ పత్తి వాళ్ల చేతుల మీదుగానే వెళ్లింది. అమెరికా పరిశ్రమ స్వేచ్ఛా సమాజంలో పుట్టిందని చెప్పేవారు ఈ లెక్క పక్కన పెడతారు. అంతర్యుద్ధం నడుమ 1862లో కుటుంబానికి 160 ఎకరాలిచ్చే చట్టం, వ్యవసాయ కళాశాలలకు భూములిచ్చే చట్టం రెండూ వచ్చాయి. ఎత్తైన సుంకాల వెనక ఉక్కు పెరిగింది. 1913లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. 1920 జనాభా లెక్కల్లో పట్టణం పల్లెను దాటింది.

జపాన్: శిస్తూ, పట్టూ

చక్రవర్తి అధికారాన్ని తిరిగి నిలిపిన 1868 మేజీ పునరుద్ధరణ తర్వాత జపాన్ పాలకుల ముందు నిలిచింది డబ్బు సమస్య. పడమటి దేశాలతో కుదిరిన అసమాన ఒప్పందాల వల్ల దిగుమతులపై సుమారు 5 శాతానికి మించి సుంకం వేసే వీల్లేదు. పూర్తి సుంకాధికారం 1911లో గానీ చేతికి రాలేదు. మిగిలింది భూమి. 1873లో భూమి విలువ కట్టి, ఏటా అందులో 3 శాతం నగదుగా కట్టమన్నారు. పట్టా రైతుకిచ్చారు, పంట పండినా ఎండినా శిస్తు ఒకటే చేశారు. రైతులు తిరగబడితే 1877లో 2.5 శాతానికి తగ్గించారు. తొలి దశాబ్దాల్లో ఖజానాలో సింహభాగం ఈ శిస్తే. రైళ్లు, నమూనా ఫ్యాక్టరీలు, సైన్యం దీని మీదే నిలిచాయి. శిస్తు కట్టలేనివాళ్లు భూమి పోగొట్టుకుని కౌలుదార్లయ్యారు.

ఆ నమూనా ఫ్యాక్టరీల్లో ఒకటి 1872లో గున్మా ప్రాంతంలోని తొమియోకాలో ప్రభుత్వం కట్టిన పట్టు మిల్లు. ఫ్రెంచి నిపుణుడు పాల్ బ్రూనా ఆధ్వర్యంలో ఎర్ర ఇటుకల భవనం లేచింది. పట్టుకాయలను వేడినీళ్లలో నానబెట్టి దారం తీసే తొట్లు 300 వరుసగా అమర్చారు. ఆడపిల్లలు కావాలని ప్రకటిస్తే ఎవరూ రాలేదు. ఫ్రెంచివాళ్లు తాగే ఎర్రటి ద్రాక్ష సారాను చూసి, వాళ్లు కన్నెపిల్లల రక్తం తాగుతారని పుకారు పుట్టింది. మిల్లు మేనేజరు ఓదకా అత్సుతదా వేరే దారి లేక సొంత కూతురు యూను మొదటి కార్మికురాలిగా చేర్చాడు. ఆమెకు పద్నాలుగేళ్లు. అది చూసి సమురాయ్ కుటుంబాలు కూడా పిల్లల్ని పంపాయి. వాళ్లు పని నేర్చుకుని సొంత ఊళ్లకు వెళ్లి అక్కడి మిల్లుల్లో మిగతావాళ్లకు నేర్పారు. 1893లో మిల్లును మిత్సుయి కంపెనీకి అమ్మేశారు. ఇప్పుడది ప్రపంచ వారసత్వ కట్టడం.

తొమియోకా ముచ్చట అంతటితో ఆపితే సగమే చెప్పినట్టు. నాగనో కొండల్లో లేచిన ప్రైవేటు మిల్లులు పేద రైతుల కూతుళ్లను తండ్రికి అడ్వాన్సు ఇచ్చి తీసుకున్నాయి. ఆ బాకీ తీరేదాకా పిల్ల హాస్టలు దాటి పోవడానికి లేదు. చాలామంది క్షయ తెచ్చుకుని ఇంటికి చేరారు. ఆడవాళ్లకు రాత్రి షిఫ్టు నిషేధం 1929లో గానీ అమలు కాలేదు. ఉక్కు యంత్రాలకు కావాల్సిన విదేశీ మారకం ఎక్కువగా ఈ పట్టు దారమే తెచ్చింది. జపాన్ రైతు శిస్తు రూపంలో ఒకసారి, కూతురి రూపంలో ఇంకోసారి కట్టాడు.

రష్యా

రష్యా జార్ 1861లో వెట్టి రైతుల్ని విడుదల చేశాడు. కానీ భూమికి వెల 49 ఏళ్ల వాయిదాల మీద కట్టాలన్నాడు. బాకీ ఊరుమ్మడి కాబట్టి రైతు ఊరి కమ్యూను ఒప్పుకోకుండా కదల్లేడు. 1892 నుంచి 1903 దాకా ఆర్థిక మంత్రిగా ఉన్న విట్టే సైబీరియా రైలు మార్గాన్ని ముందుకు నెట్టాడు, ఫ్రెంచి పెట్టుబడులు రప్పించాడు.

సోవియెట్ ప్రభుత్వం 1928లో మొదటి పంచవర్ష ప్రణాళిక ప్రకటించింది. ధాన్యం సేకరణ సాఫీగా సాగాలంటే రెండున్నర కోట్ల రైతు కుటుంబాలతో బేరం కుదరదని తేల్చి, 1929 చివర్లో బలవంతపు సమష్టి సేద్యానికి దిగింది. ఎదురు తిరిగినవాళ్లను కులక్కులని, అంటే ధనిక రైతులని ముద్రవేసి సైబీరియాకు తోలారు. రైతులు పశువుల్ని కోసుకు తిన్నారు గానీ అప్పగించలేదు. 1930, 1931ల్లో ఏటా 50 లక్షల టన్నుల వరకు ధాన్యం ఎగుమతి చేసి యంత్రాలు కొన్నారు. 1932-33 కరువులో ఉక్రెయిన్, కజఖ్‌స్తాన్, వోల్గా ప్రాంతాల్లో లక్షలకు లక్షల మంది చనిపోయారు. 50 లక్షలకు తక్కువ కాదన్నది ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. నగరంలో ఉండేందుకు కావాలంటూ అదే సమయంలో ఇచ్చిన దేశీయ పాస్‌పోర్టులు సమష్టి క్షేత్రాల రైతులకు 1970ల దాకా అందలేదు. మాగ్నితోగోర్స్క్ ఉక్కు నగరం, ద్నీపర్ జలవిద్యుత్ కేంద్రం లేచిన మాట నిజమే. ఆ ఉక్కు యుద్ధంలో హిట్లర్‌ను ఓడించిందనే సమర్థన ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ సమర్థనతో సరిపెట్టుకోవడం ఈ వ్యాసకర్తకు సాధ్యం కాదు.

తైవాన్, దక్షిణ కొరియా: ముందు భూమి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ రెండు దేశాలు వరుసను తిప్పేశాయి. తైవాన్‌లో 1949లో కౌలును పంటలో 37.5 శాతానికి కుదించారు, 1951లో ప్రభుత్వ భూములు అమ్మారు, 1953లో దున్నేవాడికే భూమి ఇచ్చారు. సుమారు మూడు హెక్టార్లు దాటిన మాగాణిని భూస్వామి నుంచి తీసుకుని, ఏటి పంటకు రెండున్నర రెట్లు వెలకట్టారు. అందులో 70 శాతం బియ్యం, చిలగడదుంపల విలువకు ముడిపెట్టిన బాండ్లు. 30 శాతం సిమెంటు, కాగితం వంటి నాలుగు ప్రభుత్వ కంపెనీల వాటాలు. కొందరు భూస్వాములు ఆ వాటాలతో పారిశ్రామికవేత్తలయ్యారు. చాలామంది తక్కువ ధరకు అమ్మేసుకున్నారు.

ఇచ్చిన చేత్తోనే కొంత తీసుకున్నారు కూడా. ఎరువు కావాలంటే రైతు ప్రభుత్వానికి బియ్యం కొలవాలి. ఆ మారకం రేటు ప్రభుత్వానికే లాభం. ఆ అజ్ఞాత పన్ను 1973 దాకా సాగింది. కానీ పంట పెరిగితే మిగిలేది తనకే కాబట్టి రైతు పెంచాడు. పుట్టగొడుగులు, ఆస్పరాగస్ డబ్బాల్లోకెక్కి విదేశాలకు వెళ్లాయి. పరిశ్రమ ఊళ్లకే వచ్చింది. 1970ల్లో ముందుగదినే ఫ్యాక్టరీ చేసుకోమని ప్రభుత్వమే ప్రచారం చేసింది.

కొరియాలో 1950లో కమతానికి మూడు హెక్టార్ల పరిమితి పెట్టారు. యుద్ధమూ, ద్రవ్యోల్బణమూ భూస్వాముల బాండ్లను చిత్తుకాగితాలు చేశాయి. 1961లో అధికారానికొచ్చిన పార్క్ చుంగ్ హీ ఎగుమతులే కొలమానంగా కంపెనీలకు అప్పులిచ్చాడు. విగ్గులు, ప్లైవుడ్, చొక్కాలతో మొదలైన ఎగుమతులు 1973లో పోహాంగ్ ఉక్కు బయటికొచ్చాక ఓడలకు, కార్లకు ఎగబాకాయి. పల్లె వెనకబడుతోందని తెలిసి, 1970లో ఊరూరికీ 335 బస్తాల సిమెంటు పంపి ఏం కట్టుకుంటారో మీ ఇష్టమన్నారు. బాగా కట్టుకున్న ఊళ్లకు మరుసటి ఏడు ఇంకొంత సిమెంటు, ఇనుము ఇచ్చారు. 1970 నవంబరులో సోల్ బట్టల బజారులో దర్జీ పనివాళ్ల దుస్థితిని ఎవరూ పట్టించుకోలేదని జాన్ తే ఇల్ అనే 22 ఏళ్ల కార్మికుడు ఒంటికి నిప్పంటించుకున్నాడు. 1963లో కొరియాలో పనిచేసేవారిలో 63 శాతం సేద్యంలో ఉంటే 1990 నాటికి 18 శాతం మిగిలారు. బ్రిటన్‌కు తరాలు పట్టిన మార్పు ఇక్కడ ఒక మనిషి ఉద్యోగ జీవితంలో అయిపోయింది.

చైనా

చైనా మొదట సోవియెట్ దారి పట్టింది. 1953లో ధాన్యం కొనుగోలు ప్రభుత్వ గుత్తాధిపత్యమైంది. 1958 నివాస రిజిస్ట్రేషను చట్టం పల్లె పుట్టుకవాళ్లను పల్లెకే కట్టేసింది. అదే ఏడు మొదలైన ‘ముందడుగు’లో పెరటి కొలుముల్లో ఇనుము కరిగించమన్నారు, పంట లెక్కలు పెంచి చూపారు. తర్వాతి మూడేళ్ల కరువులో చనిపోయినవారు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉంటారని రకరకాల అంచనాలు. 1978లో అన్హుయ్ ప్రాంతపు షియావ్‌గాంగ్ ఊళ్లో 18 మంది రైతులు రహస్యంగా భూమి పంచుకుని, ఎవరైనా జైలుకెళితే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లు పెంచాలని కాగితం రాసుకుని వేలిముద్రలు వేశారు. ఆ పద్ధతే కొద్ది ఏళ్లలో దేశమంతా పాకింది. మిగులు చేతికొచ్చిన ఊళ్లలో చిన్న ఫ్యాక్టరీలు లేచాయి. 1996లో వాటిలో 13 కోట్లకు పైగా పనిచేశారు. 1980లో షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలిగా విదేశీ పెట్టుబడికి తెరిచారు. 2023లో వలస కార్మికులు 29 కోట్లకు పైగా ఉన్నారు. నగరంలో పాతికేళ్లు పనిచేసినా చాలామందికి రిజిస్ట్రేషను ఊరిదే కాబట్టి పిల్లల బడికీ వైద్యానికీ ఇబ్బందే.

ఆగిపోయినవాళ్లు, ఆలస్యమైనవాళ్లు

ప్రయత్నించి కుప్పకూలిన దేశాలూ ఉన్నాయి. ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ 1820ల్లోనే ప్రభుత్వ నూలు మిల్లులు పెట్టాడు. 1838లో బ్రిటన్, ఒట్టోమన్ సామ్రాజ్యం చేసుకున్న ఒప్పందం అతడి గుత్తాధిపత్యాలకూ సుంకాలకూ కాళ్లు విరిచింది. ఈజిప్టు లాంకషైర్‌కు పత్తి పండించే పొలంగా మిగిలింది. ఇటీవలి ఉదాహరణ బంగ్లాదేశ్. 1979లో దేశ్ అనే కంపెనీ 130 మందిని కొరియాలోని పూసాన్‌లో దేవూ ఫ్యాక్టరీకి కుట్టుపని నేర్చుకోవడానికి పంపింది. తిరిగొచ్చినవారిలో చాలామంది తర్వాత సొంత ఫ్యాక్టరీలు పెట్టారు. ఇప్పుడు ఆ దేశ ఎగుమతుల్లో 80 శాతానికి పైగా దుస్తులే. 2013 ఏప్రిల్ 24న దుస్తుల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు.

భారతదేశం

సేద్యంలో అవసరానికి మించి ఉన్న మనుషులు కూలి పెరగకుండానే పరిశ్రమలోకి వస్తారని, ఆ లాభమే కొత్త పెట్టుబడి అవుతుందని 1954లో ఆర్థర్ లూయిస్ రాశాడు. ఆ సిద్ధాంతానికి భారత్ కన్నా తగిన దేశం లేదనుకున్నారు. 1854లో కావస్జీ దావర్ బొంబాయి మిల్లు, 1907లో టాటా ఉక్కు కంపెనీ మొదలైనా, వలస పాలనలో చాలాకాలం సుంకాల రక్షణ లేక పరిశ్రమ పలచగానే మిగిలింది. 1956 నుంచి మహలనోబిస్ ప్రణాళిక భారీ పరిశ్రమకు పెద్దపీట వేసింది. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు లేచాయి. విశాఖ ఉక్కుకు 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఫ్యాక్టరీ 1992లో జాతికి అంకితమైంది.

భూమి విషయంలో తైవాన్ చేసింది ఇక్కడ సగంలో ఆగింది. తెలంగాణ సాయుధ పోరాటం, 1950 హైదరాబాద్ కౌలు చట్టం, 1951లో పోచంపల్లిలో మొదలైన భూదానం, 1973 ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టం వరుసగా వచ్చినా, బినామీ పట్టాల కింద పెద్ద కమతాలు చాలావరకు నిలిచాయి. డెల్టా మాత్రం మిగులును పరిశ్రమకు మళ్లించింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి జిల్లాల మాగాణి రైతుల చేతిలో నిలిచిన డబ్బు రైసు మిల్లులకు, 1947లో తణుకులో మొదలైన ఆంధ్రా షుగర్స్ వంటి కంపెనీలకు, సినిమాకు, తర్వాత కాంట్రాక్టులకు, హైదరాబాద్ మందుల పరిశ్రమకు వెళ్లింది. అటు నిజాం రాజ్యంలో ప్రభుత్వం ముందుకొచ్చి వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టించింది. రెండూ తర్వాతి కాలంలో మూతపడ్డాయి.

పల్లె వదిలిన మనిషికి ఇక్కడ దొరికింది ఎక్కువగా ఫ్యాక్టరీ పని కాదు. పాలమూరు కూలీ దశాబ్దాలుగా వెళుతున్నది కాల్వలకు, ఆనకట్టలకు, అపార్టుమెంట్లకు. 2023-24 అధికారిక శ్రామిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవారిలో తయారీ రంగంలో ఉన్నది 11.4 శాతం, నిర్మాణ రంగంలో 12 శాతం. సేద్యంలో 46.1 శాతం ఉన్నారు; 2018-19లో ఆ వాటా 42.5 శాతమే. కోవిడ్ కాలంలో నగరాల నుంచి పొలానికి తిరిగొచ్చినవారి వల్ల పెరిగిన ఆ వాటా 2023-24 నాటికీ పాత స్థాయికి దిగలేదు.